పదునొకండవ సంకేతము

తూర్పుతీరపు రేవులలో, రేవు అధికారి కచ్చేరి సమీపమున, సముద్రమునకు ముఖము చేసి నిలిచిన ఎత్తైన స్తంభమొకటి కానవచ్చును. దేవాలయపు ధ్వజస్తంభము నెఱిగిన కన్నులకు అది బోసిగా తోచును గాని, వేటకు పోవు బెస్తలకు దానిపై గల గురి తక్కువది కాదు. పగటివేళ శంకువు ఆకారము గల గుర్తులను, పీపాను పోలిన గుర్తులను, రాత్రివేళ ఎఱ్ఱని తెల్లని దీపములను ఆ స్తంభముపైకి త్రాళ్లతో లాగి కట్టుదురు. ఏ గుర్తు పైనున్నది, ఏది క్రిందనున్నది యనుదానిని బట్టి అర్థము మాఱును. ఒకటవ నంబరును రెండవ నంబరును దూరసముద్రమున గాలివాన పుట్టినదని చెప్పును. మూడును నాలుగును రేవునకే గాలి తాకిడి కలదని చెప్పును. అయిదు మొదలు ఏడు వరకు ప్రమాదమును, ఎనిమిది మొదలు పది వరకు మహాప్రమాదమును సూచించుచు, తుఫాను రేవునకు ఎడమగా దాటునా, కుడిగా దాటునా, రేవు మీదుగనే దాటునా అను భేదమును కూడ తెలుపును. "మూడో నంబరు ఎగరేసినారంట" అని ఒకడు కేక వేసినచో పడవలు ఇసుకమెట్ట ఎక్కును.

పదితోనే ఈ వరుస ముగియవలసినది. అంతకు మించిన ప్రమాదము లేదు గదా. కాని పదునొకండవది కూడ ఒకటి కలదు. దాని యర్థము వింతయైనది: తుఫాను హెచ్చరికల కేంద్రముతో వార్తాసంబంధము తెగిపోయినది; అయినను ఇచటి అధికారి తన బుద్ధికి తోచినంతలో ఆపద కలదని తలంచుచున్నాడు. తక్కిన పది సంకేతములును ఎక్కడనో కూర్చున్న శాస్త్రజ్ఞుడు పంపిన మాటను మోసికొని వచ్చునవి. ఇది యొక్కటి మాత్రము మాట రాకపోవుటనే మాటగా మార్చి, ఆ క్షణమున స్తంభము మొదట నిలిచిన మనుష్యునిపై భారమంతయు పెట్టునది. మన తీరమున ఆపదల నెదుర్కొను వృత్తి, అనగా ఈ దినములలో విపత్తు నిర్వహణమని గౌరవనామము పొందిన ఆ వృత్తి, రెండువందల యేండ్లకు పైగా నేర్చుకొనిన పాఠమంతయు ఈ ఒక్క సంకేతమున ఇమిడియున్నదని నాకు తోచును.

మన పూర్వులు కీడును సంవత్సరముల పేళ్లతో జ్ఞాపకముంచుకొనెడివారు. ఆ పేళ్లకును వానిలో జరిగినదానికిని పొత్తు కుదరకపోవుట చూచినచో కాలపురుషుడు పరిహాసప్రియుడేమో యనిపించును. ఆనందమను నర్థము గల నందన సంవత్సరమున, అనగా 1832-33 నడుమ, గుంటూరు మండలమున ఆకలికి మనుష్యుల డొక్కలెండి అది డొక్కల కరువైనది. అయిదు లక్షల జనములో లక్షన్నర మొదలు రెండు లక్షల వరకు నశించిరని చెప్పుదురు. అంతకు ముందు సౌమ్య సంవత్సరమున, 1789 డిసెంబరులో, గోదావరి ముఖమునందలి కోరంగి రేవుపై సముద్రము విరుచుకొని పడినది. ఒకదాని వెంట నొకటిగా మూడు మహాతరంగములు వచ్చినవనియు, మొదటిది నావలను గట్టుకు విసరివేయగా, రెండవది నేలను ముంచగా, మూడవది మిగిలినదానిని తుడిచిపెట్టినదనియు, ఇరువదివేల మంది మడిసిరనియు నాటి వృత్తాంతములు చెప్పుచున్నవి. ఏబదియేండ్లు గడచి, వికారి సంవత్సరమున, 1839 నవంబరు 25వ తేదీని అదే కోరంగిని మఱల ఉప్పెన ముంచినది. ఆ మాఱు మూడు లక్షలమంది పోయిరని పుస్తకములలో వ్రాయబడి యున్నది. అంకె యెంత నమ్మదగినదైనను కాకపోయినను, పూర్వవైభవము ఆ రేవునకు మఱల దక్కలేదు, వ్యాపారము కాకినాడకు తరలిపోయినది. ఓడల నిర్మాణమునకు పేరుపడిన ఆ యూరి నామము మాత్రము సముద్రము దాటి బ్రతికినది: బర్మాకు కూలికి పోయిన తెలుగువారిని అచటివారు చిరకాలము కోరంగీలనియే పిలిచిరి.

కోరంగి కథను విని మఱచిపోని వాడొకడు కలకత్తాలో నుండెను. హెన్రీ పిడింగ్టను మొదట నావికుడు. పిమ్మట నౌకాప్రమాదములను విచారించు న్యాయసభకు అధ్యక్షుడు. ఓడ మునిగినప్పుడెల్ల దాని దినచర్యపుస్తకమును ముందు పెట్టుకొని, ఏ గడియకు గాలి ఏ దిక్కున వీచినది, ఆ గడియకే మఱియొక ఓడపై ఏ దిక్కున వీచినది యని సరిచూచుచు పోగా, ఈ గాలులు తిన్నగా వీచునవి కావనియు చుట్టలు చుట్టుకొని తిరుగునవనియు ఆతనికి స్పష్టపడినది. 1848లో నావికుల కొఱకు వ్రాసిన గ్రంథమున, సర్పము చుట్టను స్ఫురింపజేయు గ్రీకు మాటనుండి 'సైక్లోను' అను పేరును ఆతడు నిర్మించెను. ఈ మాటకు మూలమైన ఆలోచనకు దోహదము చేసిన తుఫానులలో మన కోరంగిది కూడ నొకటి. ఆ విధముగా ఒక తెలుగు రేవు దుఃఖము ప్రపంచమునకొక శాస్త్రపదమునిచ్చినది.

అయితే పిడింగ్టను జీవితమున మనకు పనికివచ్చు ఘట్టము వేఱొకటి కలదు. కలకత్తాకు బదులుగా మాట్లా నదిపై పోర్టు కానింగను క్రొత్త రేవును కట్టదలచిన కాలమున, 1853లో, ఆతడు గవర్నరు జనరలునకు బహిరంగలేఖ వ్రాసి, ఆ తావున తుఫానునీరు అడుగులకొలది పైకెక్కి సర్వమును ఊడ్చివేయగలదని హెచ్చరించెను. ఏలినవారు వినిరి, కాని వినలేదు, రేవు కట్టబడెను. ఆతడు 1858లో మరణించెను; 1867లో తుఫాను వచ్చి ఆ రేవును ధ్వంసము చేసెను. తెలిసినవాడు ఉండుటయు, వాడు చెప్పుటయు, అవతలివాడు విని కదలుటయు మూడు వేఱువేఱు సంగతులని ఆ శిథిలములు నేటికిని చాటుచున్నవి.

రక్తాక్షి యొకటి మాత్రము పేరునకు తగినట్లే ప్రవర్తించినది. 1864 అక్టోబరు 5వ తేదీని కలకత్తాపై పడిన తుఫానులో అఱువదివేల ప్రాణములు పోయిన వార్త ఇంకను చల్లారకముందే, నవంబరు 1వ తేదీ రాత్రి బందరు వంతు వచ్చెను. అమావాస్య గడచి రెండు దినములు మాత్రమే యైనది. సముద్రము స్వభావముచేతనే పోటుమీద నున్నది. ఆ పోటునకు పైగా పదుమూడడుగుల యెత్తున ఉప్పెన లేచి, కోటను, పేటను, పల్లెలను కప్పి, పల్లపునేలపై మైళ్లకొలది లోనికి నడచిపోయెను. ముప్పదివేలమంది మడిసిరి. రాత్రి యగుటవలన చూచినవారు లేరు, విన్నవారును తక్కువ, తెల్లవారిన పిదప మిగిలినవారికి కనబడినది ఉప్పుబురదయు, చెట్లకు చిక్కుకొనిన శవములును మాత్రమే. మంచినీటి చెఱువులు ఉప్పుపడినవి, బ్రతికినవారికి త్రాగునీరే మొదటి ఆపద యైనది. ఒకప్పుడు ఓడలతో నిండి అద్దకపుబట్టలను దేశదేశములకు పంపిన బందరు మఱల మునుపటి బందరు కాలేదు.

ఒకే శరత్తులో రెండు రేవులు ఇట్లు నాశనమగుటతో ప్రభుత్వమునకు మెలకువ వచ్చెను. తంతి తీగలు అప్పటికే దేశమున నడచుచున్నవి. గుఱ్ఱముకంటెను గాలికంటెను వేగముగా పోవు సాధనము చేతనుండగా ఒక రేవు కష్టము మఱియొక రేవునకు ముందుగా తెలియకపోవుట ఎందువలన? ఈ ప్రశ్నకు సమాధానముగా 1865లో కలకత్తా రేవునకు తుఫాను హెచ్చరికల ఏర్పాటు జరిగెను. 1875లో భారత వాతావరణశాఖ పుట్టి, హెన్రీ బ్లాన్‌ఫర్డు దానికి తొలి యధిపతి యయ్యెను. ఒక్కొక్క రేవున ఒక్కొక్క విధమున నడచిన గుర్తులను తొలగించి, దేశమందలి రేవులన్నిటికిని ఏకరూపమైన సంకేతములను 1898లో ప్రవేశపెట్టిరి. చదువురాని బెస్తవానికిని, భాష తెలియని పరదేశపు నావికునికిని ఒకే స్తంభము ఒకే అర్థము చెప్పునట్లు చేసిన ఆ యేర్పాటు నాగరకతలో నొక మెట్టని చెప్పవచ్చును.

సముద్రపు ఆపద ఒక రాత్రి పని; కరువు నెలల పని. కాబట్టి ఈ వృత్తియొక్క రెండవ సగము పొలములలో నేర్వబడెను. 1876-78 నాటి ధాత కరువులో, రిచర్డు టెంపులు అను దొర ఎండలో రాళ్లు కొట్టు కూలివానికి దినమునకొక పౌను ధాన్యమును ఒక అణాయును చాలునని నిర్ణయింపగా, మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిషు అది ప్రాణము నిలుపునది కాదని వాదించి పోరాడెను. సహాయకార్యములను నడపువారి నడుమనే అభిప్రాయభేదము గల్గినప్పుడు నిర్ణయమెవరిది, కొలత యేది అను ప్రశ్న అచటనే పుట్టినది. ఆ చర్చల ఫలముగా 1880లో క్షామవిచారణసంఘము తన నివేదికను సమర్పించెను. 1883 మొదలుకొని క్షామశాసనములు వెలువడెను. వానలు తప్పినవని తెలిసినంతనే ఎవరు ఎవరికి వ్రాయవలెను, పరీక్షార్థము పనులెప్పుడు తెఱవవలెను, పని చేయలేని వృద్ధులకును రోగులకును ఇంటియొద్దనే గ్రాసమెట్లు చేర్చవలెను అను సంగతులను ముందుగానే వ్రాసి పెట్టుకొనుట అప్పటికి క్రొత్త. ఆపద వచ్చిన పిదప ఆలోచించుట జాలి; రాకముందే వ్రాసికొనుట వృత్తి. ఆ కరువుపనులలోనే బకింగుహాము కాలువ కొంత త్రవ్వబడినది. ఆకలిగొన్న చేతులు త్రవ్విన ఆ కాలువ, 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు సముద్రపు నీటిని కొంత తనలో నిలిపికొని తీరగ్రామములకు అడ్డుపడినదని చెప్పుదురు. మేలు చేయు పని ఏనాటికి ఫలించునో త్రవ్వినవారికి తెలియదు.

శాసనము మద్రాసులో అచ్చుపడినను, దానిని నడపినది పల్లె. కలెక్టరునుండి తహశ్శీలుదారునకు, తహశ్శీలుదారునుండి మునసబునకును కరణమునకును, వారినుండి తలారికిని వెట్టివానికిని కబురు దిగవలెను. కరణము లెక్కలలో ఊరియందలి ప్రతి కుంటయు, ప్రతి గడపయు ఉండెడివి. ఎవని యిల్లు పల్లములో నున్నది, ఏ ముదుసలికి అండ లేదు అనునది ఆతడు పుస్తకము తెఱవకయే చెప్పగలిగెడివాడు. కబురు చివరకు వెట్టివాని మెడలోని తప్పెట యయ్యెడిది. సందు మొగను నిలిచి నాలుగు దెబ్బలు కొట్టి, "కలెక్టరుగారి హుకుము" అని ఎత్తుకొని, విషయము రెండు ముక్కలలో చెప్పి, మఱియొక సందునకు సాగిపోవును. ఆ రెండు ముక్కలలో కలకత్తాలోని లెక్కలు, తంతివార్తలు, కచ్చేరి కాగితములు అన్నియు కరగి యుండవలెను. అచట మాట తప్పినచో పైన జరిగినదంతయు వృథా. ఈ గొలుసులో అన్నిటికంటె తక్కువ జీతము గలవాడు అన్నిటికంటె ముఖ్యమైన కొక్కెమగుట మన పాలనలోని విచిత్రము.

పింగళ సంవత్సరము కార్తికమున, 1977 నవంబరు 19వ తేదీని, ఆ గొలుసు తెగినది. తుఫాను వచ్చుచున్నదను మాట రేడియోలో వినబడకపోలేదు. కాని తుఫాననగా గాలియు వానయు నని యెఱిగిన దివిసీమ జనమునకు, సముద్రమే లేచి నడచివచ్చునను సంగతి ఆ మాటలో వినబడలేదు. ఉప్పెన అను తెలుగు మాటలోనే ఉప్పు వినబడును. రేడియో చెప్పిన మాటలో ఉప్పు లేదు. తాటిచెట్టంత నీరు వచ్చినదని బ్రతికినవారు చెప్పిరి. కొలిచినవారు పదునాఱు మొదలు ఇరువది యడుగుల వరకని చెప్పిరి. సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలగు తీరగ్రామములు కడిగివేసినట్లయినవి. కోతకు వచ్చిన వరిచేలపై మనుష్యులును పశువులును ఒకే తీరున తేలిరి. మరణసంఖ్య పదివేలకు పైమాటయే. కుటుంబములు కుటుంబములుగా పోయినచోట లెక్క చెప్పువాడు కూడ మిగులడు గనుక ఆ అంకెకు కచ్చితమైన హద్దు గీయుట కష్టము.

తరువాతి నెలలే ఈ వృత్తిచరిత్రకు మలుపు. ప్రభుత్వశాఖలు, సైనికులు, వైద్యులు, రామకృష్ణ మిషను మొదలగు సేవాసంస్థలు, క్రైస్తవ సంఘములు, విద్యార్థులు, విదేశీయులు, ఎవరికి వారు బియ్యమును బట్టలును మందులును తీసికొని అవనిగడ్డ దారి పట్టిరి. దయ వెల్లువగా వచ్చునప్పుడు అదియు నొక ఉప్పెనయే: రోడ్డు ప్రక్కనున్న గ్రామమునకు పదిమాఱులు బట్టలందును, లంకలోని గ్రామమునకు ఒకసారియైన గంజి యందదు. ఈ దళములలో నెవరును ఇంకొకరి జీతగాండ్రు కారు. ఆజ్ఞాపించుటకు ఎవరికిని హక్కు లేదు. అయినను ఎవరో ఒకరు పటమును ముందు పరచి, ఈ గ్రామము మీది, ఆ గ్రామము వారిది, శవదహనము వీరిది, నీళ్లు వారివి యని పంచవలెను. అవనిగడ్డ శాసనసభ్యుడైన మండలి వెంకటకృష్ణారావు ఆ దినములలో చేసిన పని అట్టిది. 1975లో హైదరాబాదున ప్రపంచ తెలుగు మహాసభలను నడపిన వారిలో ప్రముఖుడాయన. దేశదేశముల తెలుగువారిని ఒక పందిటి క్రిందికి తెచ్చిన నేర్పునే, మూడేండ్లు గడువకముందు, వేఱువేఱు జెండాల క్రింద వచ్చిన సేవకులను ఒకే బురదలో కలిపి నడపుటకు వినియోగింపవలసివచ్చునని ఆయన ఊహించి యుండడు. పెండ్లి చేయువాడే చావునకును పెద్ద యగుట మన పల్లెల మర్యాద. రెండింటికిని కావలసినది ఒకటే, పదిమందిని పిలిచి, వారి వారి పంతములను నొప్పింపక, పని ముగియువఱకు నిలిపియుంచుట.

దివిసీమ తరువాత తీరము మాఱినది. విశాఖపట్టణమున 1970లోనే తుఫానులను కనిపెట్టు రాడారు నెలకొనియుండగా, పిమ్మట మచిలీపట్టణమునను రాడారు వచ్చెను. ఊరూర స్తంభములపై నిలిచిన గుండ్రని తుఫాను ఆశ్రయములు లేచినవి. మామూలు దినములలో అవి బడులు, ఆపద దినములలో దీవులు. ఇన్‌శాట్ ఉపగ్రహము ద్వారా తీరకార్యాలయములలోని యంత్రములకు నేరుగా స్థానికభాషలో హెచ్చరిక వినిపించు పద్ధతి వచ్చెను. 1990 మేలో కృష్ణ ముఖమున దాటిన పెనుతుఫాను దివిసీమ తుఫానునకు బలమున తీసిపోనిదే యైనను, లక్షలాది జనమును ముందుగా తరలించుటచే మృతుల సంఖ్య వేయి లోపున నిలిచెను. కాని 1996 నవంబరు 6వ తేదీని కోనసీమపై పడిన తుఫాను మఱియొక రంధ్రమును చూపించెను: గట్టుమీదివారికి చెప్పితిమి, నడిసముద్రమున వేటలో నున్నవానికి చెప్పితిమా? మత్స్యకారులనేకులు తిరిగి రాలేదు.

ఈ నడుమనే, 1984 జనవరిలో, కరణము మునసబు పదవులు రద్దయ్యెను. ఆ పదవులతో పాటు పోవలసిన అన్యాయములు కొన్ని పోయినవి. పుస్తకము తెఱవకయే ఊరి నెఱిగిన జ్ఞానము కూడ కొంత పోయినది. దాని స్థానమును కాగితముపై నింపినది 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము. దేశమునకు ప్రధానమంత్రి, రాష్ట్రమునకు ముఖ్యమంత్రి, జిల్లాకు కలెక్టరు అధ్యక్షులుగా ప్రాధికార సంస్థలు ఏర్పడెను. జిల్లాలో కలెక్టరు ప్రక్కన ప్రజలెన్నుకొనిన జిల్లా పరిషత్తు అధ్యక్షునకు సహాధ్యక్షపీఠము వేసిరి. జాతీయ సంస్థకు తొలి సభ్యులలో నొకడై పిమ్మట ఉపాధ్యక్షుడైనవాడు తెలుగువాడగు మర్రి శశిధరరెడ్డి. 2007లో సునామీ హెచ్చరికల కేంద్రము వెలసినదియు సముద్రమెఱుగని హైదరాబాదులోనే. ఇట్టి సంస్థలకు నాయకత్వము వహించుట సేనాపతి పనివంటిది కాదు. పోలీసు, వైద్యము, నీటిపారుదల, విద్యుత్తు, రేవు, పంచాయతీ, స్వచ్ఛందసంఘము, ఇవన్నియు వేఱు వేఱు యజమానులు గలవి. నాయకుని చేతిలో నున్నది అందరి ఫోను నంబరులును, అందరి యెడ ముందుగా సంపాదించుకొనిన నమ్మకమును మాత్రమే. ఎండకాలమున కాఫీ త్రాగుచు పరిచయము చేసికొనని వానిని అర్ధరాత్రి గాలిలో పేరు పెట్టి పిలువలేము.

2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుఫాను విశాఖపై విరుచుకొనిపడినప్పుడు, కైలాసగిరిపై నున్న రాడారు గోళకవచమునే గాలి యెగురగొట్టెను. తుఫానును చూచుటకు పెట్టిన కన్నును తుఫానే పొడిచినది. కరెంటు పోయెను, ఫోనులు మూగవోయెను. నగరము కొన్ని గడియలపాటు లోకమునుండి విడివడెను. కలకత్తా తంతినుండి ఉపగ్రహము వఱకు నూటయేబది యేండ్లుగా అల్లిన గొలుసంతయు ఆ పూట చేతికందలేదు. అయినను మరణములు పదులలోనే నిలిచినవి. ఏలయనగా కన్ను పోకముందు అది చూచి చెప్పినదానిని విని, అప్పటికే లక్షకు పైగా జనమును ఎత్తైన తావులకు చేర్చియుండిరి. కన్ను పోయిన పిదప ఏమి చేయవలెనో ఊరూర ఉన్నవారికి తెలిసియుండెను. ఆనాడు ఏ స్తంభముపై ఏ గుర్తు ఎగిరినను, వారు నడపినది పదునొకండవ సంకేతమునే.